బోరు పెంచి హెడ్ గీకిస్తే పికప్ వస్తుందా? పాత స్విఫ్ట్ పెట్టుకుని ఒక పొడుగు సమాధానం

కర్నూలు తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. 2013 స్విఫ్ట్ పెట్రోలు, లక్షన్నర దాటి తిరిగింది, ఆయిల్ తాగుతోంది, పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తుంది, కాసేపటికి ఆగిపోతుంది. మెకానిక్ ఏమో ఇంజన్ దించి 0.50 పిస్టన్లు (అర మిల్లీమీటరు పెద్దవి) వేసి బోరింగ్ (పిస్టన్ కదిలే గొట్టం, అంటే బోరు, వెడల్పుగా కోయడం) చేద్దాం, పనిలో పని హెడ్ (సిలిండర్ల మీది మూత) కూడా కొంచెం ఎక్కువగా ఫేసింగ్ కొట్టిస్తే (అడుగు గీకిస్తే) కంప్రెషన్ పెరిగి బండి ఎగిరిపోతుంది అన్నాడట. దాని మీద ఇంకో అనుమానం: కొత్త స్విఫ్ట్ కూడా అదే 1197 సీసీ కదా, పవర్ ఎందుకు తగ్గింది, స్ట్రోక్ (పిస్టన్ కింది నుంచి పైకి పోయే దూరం) పొడుగైతే టార్క్ (తిప్పే బలం) ఎక్కువ అంటారే, అది నిజమా కాదా.

ముందు జవాబు చెప్పేస్తా, ఓపిక ఉన్నవాళ్ళు తర్వాత కారణాలు చదువుకోండి. అనంతపురంలో నాది బోరింగ్ షాపే, నా ఇంట్లో పొయ్యి వెలిగేది బోరింగుల మీదే, అయినా చెప్తున్నా, పవర్ కోసం బోరింగ్ చేయించొద్దు. బోరు అరిగిపోయి ఉంటే చేయించాలి, అది వేరే సంగతి. హెడ్ ఫేసింగ్ అనేది హెడ్ వంకర తీయడానికి, అంతవరకే. నువ్వు చెప్పిన పొగ తీరు చూస్తే అసలు నీ బోరే అరిగిందా అన్నది నా అనుమానం, దాని గురించి కింద రాస్తా.

ఇప్పుడు స్ట్రోక్ సంగతి. మన దగ్గర ఏ షెడ్డులో అడిగినా "లాంగ్ స్ట్రోక్ అంటే లాగుడు, షార్ట్ స్ట్రోక్ అంటే స్పీడు" అంటారు. అనుభవంలో అలాగే అనిపిస్తుంది, కానీ దానికి చెప్పే కారణం తప్పు. క్రాంకు (పిస్టన్ తోపుతో తిరిగే ఇరుసు) చెయ్యి పొడుగైతే తిప్పే బలం ఎక్కువ కాబట్టి టార్క్ ఎక్కువ అంటారు. సరే, చెయ్యి పొడుగైంది, మరి తోసేది ఎవరు? పిస్టన్. పిస్టన్ మీద పడే తోపు దాని వెడల్పును బట్టి ఉంటుంది. సీసీ మార్చకుండా స్ట్రోక్ పెంచాలంటే బోరు తగ్గించాల్సిందే, బోరు తగ్గితే తోపు తగ్గుతుంది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో పోయింది.

నమ్మకం లేకపోతే రెండు బళ్ళు పక్కపక్కన పెట్టి లెక్క వేద్దాం, అందరికీ తెలిసిన బళ్ళే. పాత క్లాసిక్ 350 బుల్లెట్ బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90, మొత్తం 346 సీసీ. పాత డ్యూక్ 390 బోరు 89, స్ట్రోక్ 60, 373 సీసీ. బుల్లెట్ పిస్టన్ వైశాల్యం 38.5 చదరపు సెంటీమీటర్లు, క్రాంకు చెయ్యి అంటే స్ట్రోక్‌లో సగం, 45 మిల్లీమీటర్లు. డ్యూక్‌ది 62.2 చదరపు సెంటీమీటర్లు, చెయ్యి 30. వైశాల్యాన్ని చేత్తో గుణిస్తే బుల్లెట్‌కు సుమారు 1732, డ్యూక్‌కు 1866. తేడా ఎనిమిది శాతంలోపే, సీసీల తేడా కూడా సరిగ్గా అంతే. అంటే లోపల ఒత్తిడి ఒకటే అయితే టార్క్ చెప్పేది సీసీ, ఆ సీసీని బోరుతో తెచ్చావా స్ట్రోక్‌తో తెచ్చావా అన్నది దానికి పట్టదు. ఇక కాగితం మీద కంపెనీలు ఇచ్చిన టార్క్ చూడు: బుల్లెట్ 28 న్యూటన్ మీటర్లు, డ్యూక్ 37. పొట్టి స్ట్రోక్ బండిదే ఎక్కువ!

మరి బుల్లెట్ ఊరికే అలా టాప్ గేర్లో గుడుగుడుమని ఎక్కేస్తుంది కదా, డ్యూక్ అక్కడ గుంజుకుని ఏడుస్తుంది కదా అంటావు. నిజమే. బుల్లెట్ తన 28 న్యూటన్ మీటర్లూ 4000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గరే ఇస్తుంది, డ్యూక్ తన 37 ఇవ్వడానికి 7000 కావాలి. ఎక్కడ ఇస్తుంది అన్నదే తేడా. ఆ "ఎక్కడ" అనేది వాల్వుల సైజు, గాలి వచ్చే దారి సైజు, క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరిచి మూసే వేళ), కొంత ఫ్లైవీల్ బరువు నిర్ణయిస్తాయి. సన్న బోరులో చిన్న వాల్వులే పడతాయి. చిన్న దారిలో తక్కువ ఆర్‌పీఎంలో కూడా గాలి జోరుగా వస్తుంది, సిలిండర్ బాగా నిండుతుంది, కింద లాగుడు బాగుంటుంది. ఆర్‌పీఎం పెరిగాక అదే చిన్న దారి గొంతు పట్టుకుంటుంది. వెడల్పు బోరులో పెద్ద వాల్వులు పడతాయి, కింద గాలి నెమ్మదిగా నడుస్తుంది, పైకి పోయేకొద్దీ ఊపిరి ఆడుతుంది. పవర్ అంటే టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించిందే కాబట్టి, పైన ఊపిరి ఆడే ఇంజన్‌కే పవర్ ఎక్కువ. డ్యూక్ 43 హార్స్‌పవర్, బుల్లెట్ 20 దగ్గరే ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా. ఇందులో కంప్రెషన్ వాటా కూడా ఉంది, బుల్లెట్‌ది 8.5, డ్యూక్‌ది 12 దాటి. దాని దగ్గరికీ వస్తా.

స్ట్రోక్ నేరుగా చేసే పని ఇంకొకటి ఉంది, అది పిస్టన్ వేగం. ఒక చుట్టులో పిస్టన్ స్ట్రోక్ అంత కిందికి, స్ట్రోక్ అంత పైకి పోతుంది. కాబట్టి స్ట్రోక్‌ను మీటర్లలో తీసుకుని రెండుతో, ఆర్‌పీఎంతో గుణించి 60తో భాగిస్తే సెకనుకు సగటున ఎన్ని మీటర్లు పరిగెత్తిందో వస్తుంది. రోజువారీ కార్లు గరిష్ఠ పవర్ దగ్గర 14 నుంచి 19 మీటర్ల మధ్య ఉంటాయి. హోండా ఎస్2000 అనే స్పోర్ట్స్ కారు 84 మిల్లీమీటర్ల స్ట్రోక్‌తో 9000 ఆర్‌పీఎం పోయేది, లెక్క వేస్తే 25.2 మీటర్లు. ఎఫ్1 రేసు కార్లలో పాత 2.4 లీటర్ల వీ8 ఇంజన్లు 18000 ఆర్‌పీఎం తిరిగేవి, ఎస్2000కు రెట్టింపు. కానీ బోరు 98, స్ట్రోక్ 40 కంటే కొంచెం తక్కువ, అందువల్ల పిస్టన్ వేగం 24 మీటర్ల దగ్గరే. ఆర్‌పీఎం ఎంత తేడా ఉన్నా పిస్టన్ పరుగు మాత్రం ఇద్దరిదీ ఒకే చోట ఆగింది చూశావా, రింగులు (పిస్టన్ చుట్టూ ఉండే కట్లు), కాన్‌రాడ్ (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ), ఆయిల్ పొర తట్టుకునే హద్దు అది. ఎస్2000కే తర్వాత స్ట్రోక్ 90.7కి పెంచారు, టార్క్ కాస్త పెరిగింది, రెడ్‌లైన్ (దాటకూడని ఆర్‌పీఎం) 8000కు దించారు. స్ట్రోక్ పెంచితే కట్టే పన్ను అది.

పన్ను అంటే గుర్తొచ్చింది, ఇది కాస్త పక్కదారి. బ్రిటన్లో 1910లో కార్ల పన్ను కోసం హార్స్‌పవర్ లెక్క ఒకటి పెట్టారు, అందులో బోరు, సిలిండర్ల సంఖ్య తప్ప స్ట్రోక్ ప్రస్తావనే లేదు. ఇంకేముంది, కంపెనీలన్నీ బోరు సన్నం చేసి స్ట్రోక్ సాగదీశాయి, పన్ను తక్కువ, సీసీ ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ లెక్క తీసేశారు, కానీ అలవాటు అంత తొందరగా పోలేదు. మన అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ ఆ దేశం నుంచి వచ్చిందే: బోరు 73, స్ట్రోక్ 89 దగ్గర. నీ స్విఫ్ట్ బోరు కూడా 73 మిల్లీమీటర్లే. వెడల్పు ఒకటే, అంబాసిడర్‌కు సీసీ దాదాపు మూడు వందలు ఎక్కువ, అయినా పవర్‌లో స్విఫ్ట్‌కు చానా దూరంలో ఉంటుంది. కాబట్టి పాత బళ్ళ పొడుగు స్ట్రోక్ వెనక అంతా ఏదో టార్క్ రహస్యం ఉందని అనుకోనక్కర్లేదు.

ఇక నీ రెండో ప్రశ్న. నీ స్విఫ్ట్ నాలుగు సిలిండర్లు, బోరు 73, స్ట్రోక్ 71.5. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ మూడు సిలిండర్లు, బోరు 74, స్ట్రోక్ 92.8. రెండూ 1197 సీసీయే. దీనికి ముందు మోడల్ నీ ఇంజన్ కొలతలతోనే, అంటే 73, 71.5తోనే, సుమారు 90 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) 6000 దగ్గర, 113 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. కొత్తది 82 పీఎస్ 5700 దగ్గర, టార్క్ 112. టార్క్ తగ్గింది ఒక్క న్యూటన్ మీటరే, స్ట్రోక్ 21 మిల్లీమీటర్లు పెరిగినా ఒక్కటి కూడా పెరగలేదు. పైన బుల్లెట్, డ్యూక్ లెక్క ఇక్కడ కారులో మళ్ళీ కనబడుతోంది.

పవర్ ఎక్కడికి పోయిందంటే ఊపిరి దగ్గర. నాలుగు పిస్టన్ల వైశాల్యం కలిపితే పాతదానికి 167 చదరపు సెంటీమీటర్లు, మూడింటికీ కలిపి కొత్తదానికి 129. వాల్వులు పట్టే జాగా దాదాపు నాలుగో వంతు తగ్గింది. దానికి తోడు 6000 దగ్గర పాతదాని పిస్టన్ సెకనుకు 14.3 మీటర్లు పోతుంటే కొత్తదానిది 18.6. పైన ఎక్కువసేపు అరిపించే ఇంజన్ కాదది, అరిపించడానికి కట్టిందీ కాదు. మరి ఎందుకు కట్టారు? మైలేజీకి. మాన్యువల్ గేర్ బండికి కంపెనీ చెప్పే మైలేజీ 22.38 నుంచి 24.80కి పోయింది. సిలిండర్ ఒకటి తగ్గితే రాపిడి తగ్గుతుంది. సీసీ ఒకటే అయినప్పుడు మూడు పెద్ద సిలిండర్లలో గోడలకు, హెడ్‌కు పోయే వేడి నాలుగు చిన్నవాటి కంటే తక్కువ. పొడుగు స్ట్రోక్ వల్ల పిస్టన్ పైన మిగిలే గది వెడల్పు పళ్ళెంలా కాకుండా గుండ్రంగా, దగ్గరగా ఉంటుంది, మంట తొందరగా అంతా అందుకుంటుంది. ఇవాళ్టి రోజుల్లో కంపెనీలు మళ్ళీ పొడుగు స్ట్రోక్ వైపు పోతున్నది ప్రధానంగా ఇందుకే, లాగుడు కోసం కాదు.

లాగుడు కావాలంటే గాలి ఎక్కువ ఎక్కించాలి. మన పెనుకొండ ఫ్యాక్టరీలో తయారయ్యే కియా సోనెట్ టర్బో చూడు, 998 సీసీ, బోరు 71, స్ట్రోక్ 84, నీ స్విఫ్ట్ కంటే రెండు వందల సీసీ తక్కువ. టార్క్ 172 న్యూటన్ మీటర్లు, అదీ 1500 ఆర్‌పీఎం నుంచే. బోరు, స్ట్రోక్ చేయలేని పని టర్బో చేసింది, ఎందుకంటే అది సిలిండర్‌లో ఒత్తిడిని మారుస్తుంది. పొద్దుటి నుంచి "లోపల ఒత్తిడి ఒకటే అయితే" అంటున్నా కదా, ఆ షరతునే అది ఎత్తేసింది.

ఒత్తిడి అన్నాం కాబట్టి కంప్రెషన్ దగ్గరికి వద్దాం. ఇక్కడే షెడ్లలో ఎక్కువ గందరగోళం. కంప్రెషన్ నిష్పత్తి అంటే పిస్టన్ కింద ఉన్నప్పుడు దాని పైన ఉన్న మొత్తం జాగాను, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక మిగిలే జాగాతో భాగించడం. అది లోహంలో కోసిన కొలత, బండి వాడితే తగ్గేది కాదు, కార్బన్ పేరుకుంటే ఇంకా ఒక రవ్వ పెరుగుతుంది కూడా. "బండికి కంప్రెషన్ పోయింది" అంటే మాత్రం గేజి పెట్టి చూసే ప్రెషర్ తగ్గింది అని, అంటే ఎక్కడో లీకు ఉందని. రింగు కావచ్చు, వాల్వు సీటు కావచ్చు, గాస్కెట్ (హెడ్ కింద వేసే పొర) కావచ్చు. లీకు ఉన్న ఇంజన్‌కు నిష్పత్తి పెంచడం ఏమిటంటే కుండకు చిల్లు ఉంటే ఇంకో రెండు బిందెలు పోయడం లాంటిది. ముందు లీకు మూయాలి.

నిష్పత్తి పెంచితే లాభం ఉన్న మాట వాస్తవం. చాలామంది ఎక్కువ నొక్కితే ఎక్కువ పేలుతుంది అనుకుంటారు, అసలు లాభం మాత్రం ఆ తర్వాత ఉంది. కాలిన గ్యాసు చిన్న జాగాలో మొదలై పెద్ద జాగా దాకా సాగుతూ పిస్టన్‌ను తోస్తుంది, ఎంత ఎక్కువ రెట్లు సాగితే అంత ఎక్కువ పని చేయించుకున్నట్టు, సైలెన్సర్ నుంచి వేడిగా వృథా పోయేది అంత తక్కువ. పుస్తకాల్లో ఉన్న ఆదర్శ సూత్రం ప్రకారం నిష్పత్తి 8 అయితే 56.5 శాతం, 10 అయితే 60.2, 12 అయితే 63, 14 అయితే 65.2. రోడ్డు మీద ఏ పెట్రోలు ఇంజనూ అంత ఇవ్వదు, మంచి ఇంజన్‌కు అనుకూలమైన చోట 40 శాతం వస్తే గొప్ప. కానీ వరస చూడు. 8 నుంచి 10కి పోతే 3.7 కలిసింది, 12 నుంచి 14కి పోతే 2.2 మాత్రమే. పైకి పోయేకొద్దీ లాభం పలచబడుతుంది, ప్రమాదం మాత్రం చిక్కబడుతుంది.

ఆ ప్రమాదం పేరు నాకింగ్. ప్లగ్ దగ్గర నిప్పు మొదలై మంట గోడ దాకా పాకుతుంది. ఇంకా మంట చేరని మూలలోని మిశ్రమం అప్పటికే వేడెక్కి, నొక్కుకుపోయి ఉంటుంది. మంట వచ్చేలోపే అది తనంతట తాను అంటుకుంటే టకటక మని లోహం మీద కొట్టినట్టు శబ్దం, రోజూ అలా జరిగితే పిస్టన్ అంచు తినేస్తుంది, రింగు మధ్య గోడలు పగులుతాయి. నిష్పత్తి ఎక్కువైతే ఆ మూల ఇంకా వేడి. బోరు వెడల్పైతే మంట నడవాల్సిన దూరం ఎక్కువ, మూలకు టైము దొరుకుతుంది. అందుకే బోరు, కంప్రెషన్ రెండూ విడివిడి విషయాలు కావు, ఒకటి మారిస్తే ఇంకోదాని హద్దు జరుగుతుంది. ఆర్‌పీఎం తక్కువైతే కూడా మూలకు టైము ఎక్కువే. ఎండాకాలం కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతున్నావు అనుకో, బయట నలభై పైన, ఏసీ వేసుంది, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, గేరు తగ్గించడానికి బద్ధకమేసి 1500 ఆర్‌పీఎంలో కాలు కింది దాకా తొక్కావు. నాకింగ్‌కు ఇంతకంటే మంచి ముహూర్తం లేదు.

కార్బొరేటర్ బళ్ళ రోజుల్లో ఆ శబ్దం చెవికి వినపడేది, మెకానిక్ డిస్ట్రిబ్యూటర్ తిప్పి టైమింగ్ తగ్గించేవాడు. నీ బండిలో నాక్ సెన్సర్ వింటుంది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) తనే నిప్పు వేసే టైమును వెనక్కి జరుపుతుంది. నీకేమీ వినపడదు, బండి మాత్రం మందగిస్తుంది, మైలేజీ పడుతుంది. ఇది గుర్తుపెట్టుకో, నీ మెకానిక్ చెప్పిన హెడ్ ఫేసింగ్ సలహా చివరికి వచ్చి ఆగేది ఇక్కడే.

మరి కొత్త బళ్ళు 12, 13, 14 ఎలా పెడుతున్నాయి? ఊరికే పెట్టలేదు. కొన్నిటికి పెట్రోలు నేరుగా సిలిండర్‌లో చల్లి ఆవిరయ్యే చలవతో మిశ్రమాన్ని చల్లబరుస్తారు, పిస్టన్ కింద ఆయిల్ జల్లు కొడతారు, చల్లార్చిన పొగను కొంచెం లోపలికి తిప్పి పంపుతారు, ప్లగ్ చుట్టూ నీటి దారులు మెరుగు చేస్తారు. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో ఇంకో ఉపాయం. 1987 సీసీ, బోరు 80.5, స్ట్రోక్ 97.6, నిష్పత్తి 14. అందులో ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూస్తారు, పిస్టన్ పైకి వస్తున్నా కొంత గాలి వెనక్కి పోతుంది, కాబట్టి నిజంగా నొక్కేది 14 రెట్ల కంటే తక్కువే, సాగేది మాత్రం దాదాపు పూర్తిగా. లాభం అంతా సాగడంలో ఉందన్నాను కదా, వాళ్ళు ఆ లాభం తీసుకుని నాకింగ్ వదిలేశారు. లాగుడులో పడిన లోటు బ్యాటరీ మోటారు పూడుస్తుంది. హెడ్ గీకి సాధించేది కాదిది.

ఇప్పుడు నీ ఇంజన్ మీద ఆ సలహా లెక్క వేద్దాం, నిష్పత్తి 10 అని పెట్టుకుని. ఒక్కో సిలిండర్ 299 సీసీ, పైన మిగిలే గది 33.25 సీసీ. బోరు 73 నుంచి 73.5 చేస్తే మొత్తం ఇంజన్ 1213 సీసీ అవుతుంది. పెరిగింది 16 సీసీ, శాతంలో ఒకటిన్నర కూడా లేదు. నిష్పత్తి 10.1. దాని మీద హెడ్ 0.3 మిల్లీమీటర్లు గీకావు అనుకో, గదిలో ఒక సీసీ, మహా అయితే ఒకటింబావు తగ్గుతుంది, నిష్పత్తి 10.5 దగ్గరికి వస్తుంది. సూత్రం ప్రకారం 10 నుంచి 10.5కి లాభం ఒక శాతం చిల్లర. రెండూ కలిపి రెండున్నర శాతం, అంటే 87 పీఎస్ బండికి రెండు పీఎస్. టైర్లలో గాలి తక్కువుంటే పోయేంత. అదైనా మన ఎండల్లో ఈసీయూ నిప్పు టైమును రెండు డిగ్రీలు వెనక్కి లాగిందంటే వచ్చిందంతా పోతుంది.

నష్టం అక్కడితో ఆగితే పర్లేదు. క్యామ్ హెడ్ మీదే ఉంటుంది కాబట్టి హెడ్ కిందికి దిగితే క్యామ్ క్రాంకుకు దగ్గరవుతుంది. చైన్ వదులును టెన్షనర్ లాక్కుంటుంది గానీ వాల్వు టైమింగ్ కొద్దిగా వెనకబడుతుంది. వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ తగ్గుతుంది. పైగా రేపు ఎప్పుడైనా బండి వేడెక్కి హెడ్ నిజంగా వంగితే అప్పుడు గీకడానికి హెడ్‌లో మిగలదు, కొత్త హెడ్ కొనుక్కోవాలి. అందుకే స్కేలు, ఫీలర్ గేజి పెట్టి వంకర ఎంతో చూసి అంతే తీయించు, ఆ అంకె నీ ముందే రాయించుకో.

డీజిల్ వాళ్ళకు ఒక్క మాట. స్విఫ్ట్ డీజిల్ లాంటి 1248 సీసీ ఇంజన్‌లో హెడ్ అడుగు చదునుగా ఉంటుంది, మంట గది పిస్టన్ తలలోనే గుంతగా ఉంటుంది. హెడ్ గీకితే అక్కడ కంప్రెషన్ పెరగదు, వాల్వులు కిందికి దిగి పిస్టన్‌కు తగిలే భయం మాత్రం పెరుగుతుంది. బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజన్ ఒళ్ళు) పైకి పిస్టన్ ఎంత పొడుచుకు వస్తుందో డయల్ గేజితో కొలిచి, దానికి తగ్గ మందం గాస్కెట్ వేయాలి, చాలా డీజిళ్ళకు అంచున గాట్లు, రంధ్రాలతో మందాల గుర్తులు ఉంటాయి. పాత గాస్కెట్ పారేసేముందు ఆ గుర్తు చూసుకోండి.

మళ్ళీ నీ పొగ దగ్గరికి. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి ఆగిపోతోంది అన్నావు. అది బోరు అరిగిన తీరు కాదు తమ్ముడూ. రాత్రంతా హెడ్‌లోని ఆయిల్ గట్టిపడిన వాల్వు సీళ్ళ (వాల్వు కాడలకు ఉండే రబ్బరు) గుండా బొట్టు బొట్టుగా దిగి, పొద్దున కాలిపోయే తీరు అది. బోరు, రింగులు పోతే గట్టిగా తొక్కి ఎక్కిస్తున్నప్పుడు వెనకాల పొగ కనబడుతుంది, ఆయిల్ మూత తీస్తే బుస్సుమని గాలి కొడుతుంది. ఘాట్ దిగుతూ కాలు తీసి మళ్ళీ తొక్కితే పొగ వస్తే అదీ సీళ్ళు, గైడ్ల (వాల్వు కాడలు కదిలే గొట్టాలు) వైపే చూపిస్తుంది. ఎన్నో ఇంజన్లు సీళ్ళతో పోయేదానికి పూర్తిగా దించుకుని నా షాపు దాకా వస్తాయి.

కాబట్టి ముందు కంప్రెషన్ గేజి పెట్టించు. ఇంజన్ వేడి చేసి, నాలుగు ప్లగ్‌లూ తీసి, ఇగ్నిషన్, ఇంజెక్టర్ కనెక్షన్లు పీకి, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి పట్టి, మంచి బ్యాటరీతో తిప్పాలి. ఇలాంటి ఇంజన్‌కు 170 నుంచి 200 పీఎస్ఐ ప్రాంతంలో ఉంటే బాగున్నట్టే. అంకె కంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం, పది పదిహేను శాతం మించితే ఆ సిలిండర్‌ను పట్టించుకోవాలి. తక్కువ వచ్చినదాంట్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడు. రీడింగు బాగా పెరిగితే రింగులో బోరో, పెరగకపోతే వాల్వో గాస్కెట్టో. ఒక మెలిక ఏంటంటే, రీడింగు బ్రహ్మాండంగా ఉండి కూడా ఆయిల్ తాగొచ్చు. పైన రెండు రింగులు బాగుండి కింది ఆయిల్ రింగు కార్బన్‌తో అతుక్కుపోతే అలాగే అవుతుంది.

హెడ్ దించాల్సి వచ్చినా వెంటనే బోరింగ్ అనేయకు. బోర్ గేజితో పైన, మధ్యన, కింద, రెండు దిక్కుల్లో కొలవమను. కోలగా, ఏటవాలుగా అరిగింది ఎంతో తెలుస్తుంది, కంపెనీ మాన్యువల్లో హద్దు ఉంటుంది. హద్దులో ఉంటే హోనింగ్ (రాళ్ళతో బోరు లోపల సన్నటి గీతలు పెట్టడం) చేసి స్టాండర్డ్ రింగులు వేస్తే సరిపోతుంది. నీది అల్యూమినియం బ్లాకు, లోపల పలుచటి ఇనుప లైనర్లు (గొట్టాలు) పోతపోసి ఉంటాయి, అక్కడ ప్రతి అర మిల్లీమీటరూ ఖరీదైనదే.

హద్దు దాటితే చేయించాల్సిందే, అప్పుడు మాత్రం షాపులో ఇవి పట్టుబట్టి అడుగు. పిస్టన్లు ముందు కొని ఇవ్వాలి, నాలుగింటినీ మైక్రోమీటర్‌తో కొలిచి, ఏ పిస్టన్‌కు ఏ సిలిండర్ అని గుర్తు పెట్టి, దానికి తగ్గట్టు బోరు కోయాలి. "0.50 అన్నావు కదా, 0.50 కొట్టేశా" అనే షాపు నుంచి బ్లాకు తిరిగి తెచ్చేసుకో. మాన్యువల్లో చెప్పిన పిస్టన్ క్లియరెన్సు (పిస్టన్‌కూ బోరుకూ మధ్య సందు) వందో వంతు మిల్లీమీటర్ల లెక్కలో ఉంటుంది. హోనింగ్ గీతలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే జాలీలా కనబడాలి, అద్దంలా మెరిసే బోరులో ఆయిల్ నిలవదు, రింగు కూర్చోదు. రింగు బోరులో పెట్టి మూతి ఖాళీ (రింగు రెండు కొసల మధ్య సందు) చూడకుండా పిస్టన్ ఎక్కించనివ్వకు. హోనింగ్ తర్వాత బ్లాకు వేడి సబ్బు నీళ్ళతో కడగాలి, పెట్రోలుతో తుడిస్తే రాతి పొడి పోదు. ఈ ఒక్క కడుగుడు ఎగ్గొట్టి కొత్త రింగులు మొదటి నెలలోనే తినేసిన ఇంజన్లు మళ్ళీ నా బల్ల మీదికే వస్తుంటాయి. బండి బయటికి వచ్చాక మొదటి వెయ్యి కిలోమీటర్లు హైవే మీద ఒకే స్పీడులో పోవద్దు, కాలు వేస్తూ తీస్తూ నడుపు, తర్వాత ఆయిల్ మార్చు.

కింద ఇంకెవరో 100 ఆక్టేన్ పెట్రోలు పోస్తే పవర్ వస్తుందా అని అడిగారు. ఆక్టేన్ అంటే నాకింగ్‌ను తట్టుకునే శక్తి, అందులో వేడి ఎక్కువ ఉంటుందని కాదు. నాకింగ్ లేని ఇంజన్‌కు అది ఏమీ ఇవ్వదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు ఎలాగూ ఆక్టేన్ 95 అని పెట్రోలియం శాఖే చెప్పింది. ఇథనాల్‌లో వేడి మాత్రం పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, ఎక్కువ నిష్పత్తితో దానికోసం కట్టిన ఇంజన్ ఆ ఆక్టేన్ వాడుకుని కొంత రాబట్టుకుంటుంది, 2013 స్విఫ్ట్ రాబట్టుకోలేదు. నీ బండిలో పెట్రోలు వెళ్ళే రబ్బరు పైపులు, సీళ్ళు కూడా ఒకసారి చూపించుకో.

గేజి రీడింగులు నాలుగూ, ఆయిల్ పోశాక వచ్చినవి కూడా, సిలిండర్ నంబర్లతో ఇక్కడ రాయి. పొగ ఎప్పుడెప్పుడు వస్తోందో, వెయ్యి కిలోమీటర్లకు ఎంత ఆయిల్ పోస్తున్నావో అదీ రాయి. అప్పటిదాకా ఇంజన్ దించనివ్వకు.